ప్లీహం లేని ఒంటికి టీకాలు: ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నాళ్ళ ఎడంతో

నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి పెద్ద ఆపరేషన్లకి చెన్నై రావడం మనవాళ్ళకి తరాల నాటి అలవాటు. అలా వచ్చి ప్లీహం తీయించుకున్న మనిషి వారం పది రోజుల్లో డిశ్చార్జ్ అయి, సెంట్రల్‌లో పినాకినో సప్తగిరో ఎక్కేస్తాడు. చేతిలోని డిశ్చార్జ్ సమ్మరీలో కుట్లు ఎప్పుడు విప్పాలో, ఏ మాత్ర ఎన్ని పూటలు వేసుకోవాలో వివరంగా ఉంటుంది. అడుగున ఎక్కడో ‘న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు వేయించుకోవలెను’ అని ఒక్క ముక్క. ఆ ముక్క వెనక మూడు నాలుగు నెలల క్యాలెండరు ఉంది. అయిదేళ్ళకోసారి తిరిగొచ్చే తేదీలున్నాయి. ఒకే రోజు వేస్తే ఒకదాని పనిని ఇంకొకటి చెడగొట్టే రెండు సూదులున్నాయి. ముందు వెనకలైతే మొత్తం లెక్కని ఏడాది వెనక్కి నెట్టే ఇంకో సూది ఉంది. ఊరికి చేరాక ఇవన్నీ విప్పి చెప్పే మనిషి దొరకడం కష్టం.

‘కడుపులో బల్ల’ అని పెద్దవాళ్ళు అనేది వాచిన ప్లీహాన్నే. వాపు లేనప్పుడు అది ఎడమ పక్కటెముకల చాటున ఉండి చేతికి తగలదు. బరువు 150 గ్రాములు అటూ ఇటూ. గుండె నెట్టే రక్తంలో దాదాపు ఇరవయ్యో వంతు దాని గుండా పోతుంది. అక్కడ రక్తం సన్నటి సందుల్లోంచి నెమ్మదిగా పాకాలి. ముసలివైపోయిన ఎర్ర కణాలు అక్కడే చిక్కుకుపోతాయి, బాక్టీరియా కూడా. పట్టి మింగే కణాలు కాలేయంలో ఇంకా ఎక్కువే ఉన్నాయి కదా, ప్లీహం పోతే ఏమైంది అనే అనుమానం సహజం. తేడా ఎక్కడంటే, యాంటీబాడీలు బాగా అంటుకుని ‘వీడే దొంగ’ అని గుర్తు పడ్డ బాక్టీరియాని కాలేయం ఇట్టే పట్టేస్తుంది. గుర్తు సరిగా పడని వాటిని పట్టే నేర్పు ప్లీహానిది.

కొన్ని బాక్టీరియా తమ చుట్టూ చక్కెర గొలుసులతో అల్లిన జిగట తొడుగు వేసుకుంటాయి. ఒంటికి నూనె రాసుకుని వచ్చే దొంగ లాంటివి, చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతాయి. న్యుమోకోకస్, మెనింగోకోకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి (దీన్నే హిబ్ అంటారు), ఈ మూడూ ఆ జాతే. ఈ తొడుగుని చూడగానే ఎవరి సాయమూ అడక్కుండా అప్పటికప్పుడు యాంటీబాడీ తయారుచేసే బి కణాలు ప్లీహం అంచుల్లో ప్రత్యేకంగా ఉంటాయి. ప్లీహంతో పాటు అవీ పోతాయి. కాబట్టి టీకా చేసే పని ఏమిటో ఇక్కడే తెలిసిపోతుంది. అది పోయిన ప్లీహాన్ని తిరిగి తేదు. యాంటీబాడీలని ముందే సిద్ధం చేసిపెట్టి, దొంగ రాగానే గుర్తు పడేలా చేస్తుంది. అప్పుడు కాలేయం ఆ పని అందుకుంటుంది. టీకాల వరసలో ప్రతి నియమం వెనకా ఈ లెక్కే ఉంది.

గుర్తు లేకపోతే ఏమవుతుందో 1952లో అమెరికాలో కింగ్, షుమేకర్ అనే వైద్యులు మొదటిసారి రాశారు. వాళ్ళు చూసింది రక్తహీనత జబ్బుకి ప్లీహం తీసేసిన అయిదుగురు పసిపిల్లలని. ఆ తర్వాత దానికి ‘ఓప్సీ’ అనే పొట్టి పేరు స్థిరపడింది. ప్లీహం తీశాక ముంచుకొచ్చే సెప్సిస్, అంటే రక్తంలో పాకి ఒంటినంతా కూల్చే ఇన్ఫెక్షన్ అని అర్థం. ఉదయం ఒళ్ళునొప్పులు, చలి, ఒక వాంతి. సాయంత్రానికి బీపీ పడిపోవడం, చర్మం మీద ఊదా మచ్చలు. ఒకటి రెండు రోజుల్లో అంతా అయిపోవచ్చు. పెద్దాసుపత్రిలో ఉన్నా సగం మంది దాకా దక్కరు. సగానికి పైగా కేసుల్లో కారణం న్యుమోకోకస్. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడేళ్ళు ప్రమాదం ఎక్కువ. కానీ ఇరవై ఏళ్ళు దాటాక వచ్చిన వాళ్ళూ ఉన్నారు. ‘ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదుగా’ అనే ధీమాకి ఆధారం లేదు.

ప్లీహం లేని వాళ్ళంటే ఆపరేషన్ అయిన వాళ్ళే అనుకుంటారు. బైకు మీంచి పడి ప్లీహం పగిలినవాళ్ళు, ఐటీపీకి (ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు), స్ఫిరోసైటోసిస్‌కి (ఎర్ర కణాలు గుండ్రంగా మారి త్వరగా చితికిపోయే జబ్బు), తలసీమియాకి తీయించుకున్నవాళ్ళు తేలిగ్గానే గుర్తొస్తారు. కనపడని వాళ్ళు ఇంకొందరున్నారు. ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లల్లో ప్లీహం చిన్నతనంలోనే దెబ్బ మీద దెబ్బ తిని ఎండిపోతుంది. ఎవరూ తీయలేదు కాబట్టి ఉందనే లెక్క, పని మాత్రం చేయదు. మూలకణాల మార్పిడి అయినవాళ్ళలో, గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళలో కొందరిదీ ఇదే పరిస్థితి. అనుమానం వస్తే చవకైన పరీక్ష ఒకటుంది: పెరిఫెరల్ స్మియర్. ఎర్ర కణాల్లో హోవెల్-జాలీ బాడీలు, అంటే మిగిలిపోయిన కేంద్రకపు చుక్కలు కనిపిస్తే ప్లీహం వడకట్టడం మానేసిందని అర్థం. మెషీన్ ఇచ్చే సీబీసీ రిపోర్టులో ఇవి కనపడకపోవచ్చు. స్లైడుని మనిషి మైక్రోస్కోపు కింద చూసి చెప్పాలి, చీటీలో ఆ మాట రాయించుకోవాలి. దెబ్బకి ప్లీహం పగిలిన వాళ్ళ కడుపులో చిన్న చిన్న ముక్కలు అతుక్కుని మళ్ళీ పెరగడం ఉంది. స్కానులో అవి కనపడ్డాయని టీకాలు మానేయడం పొరపాటు. ఆ ముక్కలు కాపాడతాయన్న నమ్మకం లేదు.

రెండు రకాల న్యుమోకోకల్ టీకాలు

గందరగోళంలో ముప్పాతిక భాగం ఇక్కడే పుడుతుంది. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పనితీరు వేరు.

పీపీఎస్‌వీ 23 పాత రకం. న్యుమోవాక్స్ 23 పేరుతో దొరుకుతుంది. 23 రకాల న్యుమోకోకస్‌ల తొడుగుల చక్కెరని శుద్ధిచేసి, ఒక్కో రకానికి 25 మైక్రోగ్రాముల చొప్పున అర మిల్లీలీటరులో కలుపుతారు. రకాలు ఎక్కువ, అది దాని బలం. బలహీనత ఏమిటంటే ఉత్త చక్కెరని టి కణాలు, అంటే బి కణాలకి సాయపడే రక్షక కణాలు, పట్టించుకోవు. బి కణాలు తమంతట తాము స్పందించి యాంటీబాడీలు చేస్తాయి కానీ జ్ఞాపకం పెట్టుకోవు. రెండేళ్ళ లోపు పిల్లల్లో ఆ స్పందన కూడా సరిగా ఉండదు. పైగా ఈ సూది అప్పటికే ఉన్న జ్ఞాపక కణాలని వాడేసి, కొత్తవి పుట్టించకుండా వెళ్ళిపోతుంది. వెంటవెంటనే మళ్ళీ వేస్తే రెండోసారి స్పందన మొదటిదానికన్నా తగ్గొచ్చు.

కాంజుగేట్ టీకా, అంటే పీసీవీ, ఆ లోపాన్ని సరిచేయడానికి పుట్టింది. చక్కెరని ఒక ప్రోటీన్‌కి అతికిస్తారు. 13 రకాలున్న ప్రివెనార్ 13లో (పీసీవీ 13) అది సీఆర్ఎమ్ 197, హాని చేయలేని డిఫ్తీరియా టాక్సిన్ రూపం. ప్రోటీన్‌ని చూసి టి కణాలు రంగంలోకి దిగుతాయి, బి కణాలకి చేయూతనిస్తాయి, జ్ఞాపకం ఏర్పడుతుంది. పసిపిల్లల్లో కూడా పనిచేస్తుంది.

అందుకే వరస: ముందు కాంజుగేట్, కనీసం 8 వారాల తర్వాత పీపీఎస్‌వీ 23. ముందుదాని జ్ఞాపకాన్ని వెనకది తట్టిలేపుతుంది, పైగా అదనపు రకాలని చేర్చుతుంది. మొదటి పీపీఎస్‌వీ 23 వేసిన అయిదేళ్ళకి రెండోది. అంతకన్నా ముందు వేయకూడదు, చెయ్యి వాచడం తప్ప ఒరిగేదీ పెద్దగా లేదు.

తిరగబడితే? ‘23 అంటే 13 కన్నా మంచిదే కదా’ అని ముందు 23 వేసేసే సందర్భాలు బోలెడు. అంకె పెద్దదైతే టీకా గొప్పదనే భ్రమ అది. అలా జరిగితే కాంజుగేట్ కోసం కనీసం ఏడాది ఆగాలి. మొదటి రెండు మూడేళ్ళే ఎక్కువ ప్రమాదమని చెప్పుకున్నాం కదా, అందులో ఒక ఏడాది ఇలా చేజారిపోతుంది.

20 రకాల కాంజుగేట్ దొరికితే చిక్కు చాలావరకు తీరుతుంది. ఇంతవరకు ఏ న్యుమోకోకల్ టీకా పడని పెద్దవాళ్ళకి పీసీవీ 20 ఒక్క డోసు చాలు, తర్వాత పీపీఎస్‌వీ 23 అక్కర్లేదు. 13లో ఉన్న రకాలన్నీ ఇందులో ఉన్నాయి, మరో ఏడు అదనం. ఇప్పటికే పీసీవీ 13 మాత్రమే పడినవాళ్ళు ఏడాది తర్వాత పీసీవీ 20 తీసుకుని వరస ముగించవచ్చు. లేదా పాత పద్ధతిలో 8 వారాలకి 23 తీసుకోవచ్చు. ప్లీహం లేనివాళ్ళని ఏడాది ఖాళీగా ఉంచడం కన్నా చేతిలో ఉన్నది 8 వారాలకి వేయించడమే మేలనిపిస్తుంది. హైదరాబాద్ బయొలాజికల్ ఇ తయారుచేసిన 14 రకాల టీకా, సీరం ఇన్‌స్టిట్యూట్ న్యుమోసిల్ పసిపిల్లల కోసం వచ్చినవి. చవక కదా అని పెద్దవాళ్ళు వాటిని అడగకూడదు.

న్యుమోకోకస్‌లో వందకు పైగా రకాలున్నాయి. ఏ టీకా అయినా వాటిలో కొన్నిటికే అడ్డుకట్ట. ఈ మాట జ్వరం సంగతి దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఆపరేషన్‌కి ముందా, తర్వాతా?

ముందే. ప్లీహం ఉండగా వేసిన టీకాకి ఒళ్ళు బాగా స్పందిస్తుంది. తేదీ ముందే ఖాయమైన ఆపరేషన్ అయితే కనీసం 14 రోజుల ముందు టీకాలు పడాలి. నెలన్నర రెండు నెలలు వ్యవధి ఉంటే కాంజుగేట్లతో పాటు ఇతర డోసులు కూడా చాలావరకు ముగుస్తాయి. ఊరి నుంచి వచ్చే వాళ్ళకి ఇక్కడొక ఉపాయం: సర్జన్‌ని కలిసి తేదీ తీసుకున్న రోజే మొదటి సూదులు వేయించుకుని ఊరికి వెళ్ళడం. ఆపరేషన్‌కి అడ్మిట్ అయిన రోజు వేయించుకుంటే ఆ రెండు వారాల లాభం పోతుంది.

ప్రమాదం జరిగి రాత్రికి రాత్రి ప్లీహం తీసేస్తే ముందు వేసే వీలుండదు. అప్పుడు 14వ రోజు దాకా ఆగాలి. ఆపరేషన్ అయిన మర్నాడు, ఏడో రోజు, పద్నాలుగో రోజు వేసి పోల్చి చూసినప్పుడు పద్నాలుగో రోజు వేసినవాళ్ళలో యాంటీబాడీలు మెరుగ్గా పనిచేశాయి. శస్త్రచికిత్స, రక్తస్రావం, ఒత్తిడి మధ్య ఒళ్ళు టీకా మీద దృష్టి పెట్టలేదు. తమిళనాడులో రోడ్డు ప్రమాదాలకి 2021 డిసెంబరులో మొదలైన ‘నమ్మై కాక్కుమ్ 48’ పథకం మొదటి 48 గంటల చికిత్సకి. టీకా రోజు వచ్చేసరికి పథకం గడువు దాటి ఎన్నో రోజులవుతుంది, మనిషి ఇంటికి చేరిపోయి ఉంటాడు. కాబట్టి ఆ మనిషి మళ్ళీ రాడన్న అనుమానం ఏమాత్రం ఉన్నా డిశ్చార్జ్ రోజునే వేసి పంపాలి. కాస్త తక్కువ స్పందన వచ్చినా అసలు వేయకపోవడం కన్నా ఎన్నో రెట్లు నయం.

ఐటీపీ వాళ్ళ విషయంలో రిటుక్సిమాబ్ అనే మందు గురించి అడగాలి. అది బి కణాలనే తుడిచిపెట్టేస్తుంది, యాంటీబాడీలు చేసేవాళ్ళే లేకుండా పోతారు. ఆ మందు తర్వాత దాదాపు ఆరు నెలల దాకా టీకా పెద్దగా పట్టదు. వీలైతే మందు మొదలుపెట్టే ముందే, రెండు వారాలకి తగ్గకుండా, టీకాలు ముగించాలి. వీలు కాకుండా మధ్యలో వేసిన డోసుని ఆరు నెలల తర్వాత మళ్ళీ వేయించాల్సి రావచ్చు.

లెక్క కళ్ళకు కట్టాలంటే తేదీలు వేసుకోవాలి. చిన్నప్పుడు ఏ టీకాలు పడ్డాయో తెలియని ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి జనవరి 1న అత్యవసరంగా ప్లీహం తీశారనుకుందాం. జనవరి 15కి పద్నాలుగు రోజులు. ఆ రోజు పీసీవీ 13, హిబ్, ఫ్లూ సూదులు మూడూ ఒకే పూట వేయొచ్చు. ఒకే చేతికి రెండు వేస్తే మధ్య కనీసం అంగుళం ఎడం ఉండాలి. సరిగ్గా సంక్రాంతి రోజుల్లో పడింది కాబట్టి ఇది తప్పిపోయే అవకాశమే ఎక్కువ. పండగ చేసుకుని 20న వచ్చినా నష్టం లేదు, 14 రోజులు అన్నది కనీస హద్దు. మార్చి 12కి ఎనిమిది వారాలు, పీపీఎస్‌వీ 23. మెనింగోకోకల్ టీకా మొదటి డోసు జనవరి 15నా, ఫిబ్రవరి 12నా అన్నది బ్రాండుని బట్టి మారుతుంది. రెండో డోసు దానికి ఎనిమిది వారాల తర్వాత, అంటే ఫిబ్రవరి 12న మొదలుపెడితే ఏప్రిల్ 9. అయిదేళ్ళకి మార్చిలో పీపీఎస్‌వీ 23 రెండోసారి, ఏప్రిల్‌లో మెనింగోకోకల్ బూస్టరు. ఏ తేదీ దాటిపోయినా మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగించడమే.

అమెరికా ప్రయాణం టీకా

మెనింగోకోకల్ టీకా అంటే మన ఇళ్ళలో కొత్త మాటేమీ కాదు. ఎంఎస్ చదవడానికి పిల్లలు వెళ్ళేటప్పుడు చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. హజ్ యాత్రికులకి తప్పనిసరి. అదే టీకా ఇది: ఎ, సి, డబ్ల్యు, వై అనే నాలుగు రకాల మీద పనిచేసే కాంజుగేట్. వీధి చివరి మందుల షాపులో దొరకకపోతే ప్రయాణికులకి టీకాలు వేసే క్లినిక్‌లలో ముందు ఫోను చేసి అడగాలి. తేడా ఒక్కటే. చదువుకి వెళ్ళే పిల్లకి సాధారణంగా ఒక్క డోసు వేసి కాగితం ఇచ్చేస్తారు. ప్లీహం లేనివాళ్ళకి మొదటి విడతే రెండు డోసులు, మధ్య 8 వారాలు, ఆపైన అయిదేళ్ళకోసారి బూస్టరు. క్లినిక్‌లో కారణం చెప్పకపోతే ఒక్క డోసుతో ‘అయిపోయింది’ అని పంపేస్తారు.

బ్రాండు సంగతి ఇక్కడ ముఖ్యం. మెనాక్ట్రాలో చక్కెరని డిఫ్తీరియా టాక్సాయిడ్‌కి అతికించారు. దాన్ని పీసీవీ 13తో పాటు వేస్తే కొన్ని న్యుమోకోకస్ రకాల మీద యాంటీబాడీలు తగ్గుతున్నట్టు తేలింది. ప్లీహం లేనివాళ్ళకి అసలు శత్రువు న్యుమోకోకస్ కాబట్టి దాన్ని తగ్గించుకోకూడదు. ముందు పీసీవీ ముగించి, నాలుగు వారాలు ఆగి మెనాక్ట్రా వేయాలి. మెన్వియో, మెన్‌క్వాడ్‌ఫైలతో ఈ పేచీ లేదు, పీసీవీ వేసిన రోజే వేయొచ్చు. పైన చెప్పిన ఉదాహరణలో ఫిబ్రవరి 12 అన్నది మెనాక్ట్రా దొరికిన మనిషికి. సీసా పేరు చూడకుండా ‘మెనింజైటిస్ టీకా ఇవ్వండి’ అంటే ఈ తేడా ఎవరికీ పట్టదు.

రెండు సీసాల మెన్వియోలో ఇంకో చిన్న ఉచ్చు ఉంది. ఒక సీసాలో ఎ రకం పొడి, రెండోదానిలో సి, డబ్ల్యు, వై ద్రవం. ద్రవాన్ని పొడిలో కలిపి వేయాలి. ద్రవం చూసి అదే టీకా అనుకుని నేరుగా ఎక్కించేస్తే ఎ రకం పెట్టెలోనే ఉండిపోతుంది. వేయించుకునేటప్పుడు రెండు సీసాలూ ఖాళీ అయ్యాయా అని చూడటం మొహమాటపడాల్సిన పని కాదు. బి రకం మెనింగోకోకస్‌కి వేరే టీకా ఉంది. మన దగ్గర మామూలుగా దొరకదు. ప్రాజెక్టు మీద అమెరికా, బ్రిటన్ వెళ్ళేవాళ్ళు అక్కడ డాక్టరుకి ప్లీహం లేదని చెప్పి తీసుకోవచ్చు.

హిబ్, ఫ్లూ, టైఫాయిడ్

హిబ్ పిల్లల టీకా అని పెద్దవాళ్ళకి వేయడానికి తటపటాయిస్తారు. హిబ్‌తో కలిపి అయిదు జబ్బులకి పసిపిల్లలకి వేసే పెంటావాలెంట్ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో మొదట తమిళనాడు, కేరళలోనే వచ్చింది, 2011 డిసెంబరులో. మిగతా రాష్ట్రాలకి ఇంకా ఆలస్యంగా. అంటే ఇప్పటి పెద్దవాళ్ళలో చాలామందికి హిబ్ పడనే లేదు. వాళ్ళకి ఒక్క డోసు, జీవితానికి అంతే. విడి హిబ్ టీకా కోసం వెతకాలి. దొరకలేదని పెంటావాలెంట్‌ని పెద్దవాళ్ళకి వేయకూడదు, అందులోని కోరింత దగ్గు భాగం పెద్ద వయసువాళ్ళ కోసం చేసింది కాదు.

ఫ్లూ సూది ఏటా. ఫ్లూ వైరస్సుకీ ప్లీహానికీ నేరుగా సంబంధం తక్కువే. అయితే ఫ్లూ గొంతునీ ఊపిరితిత్తులనీ కుళ్ళబొడిచి వెళ్ళాక ఆ దారిన న్యుమోకోకస్ దూరుతుంది. ముక్కులో చల్లే లైవ్ రకం వద్దు, సూదిదే కావాలి. టైఫాయిడ్ కాంజుగేట్ మన నీళ్ళకీ మన బయటి తిండికీ ఎలాగూ మంచిదే. రక్తం ఎక్కించుకునే తలసీమియా వాళ్ళు హెపటైటిస్ బి కూడా చూసుకోవాలి.

టీకాని దుకాణంలో కొని క్లినిక్‌కి మనమే పట్టుకెళ్ళే పద్ధతిలో చెన్నై ఎండ ఒక శత్రువైతే, అతి జాగ్రత్త రెండో శత్రువు. ఈ టీకాలకి 2 నుంచి 8 డిగ్రీల చలువ కావాలి. మే నెలలో టీకాని సంచిలో వేసుకుని బస్సెక్కకూడదని అందరికీ తెలుసు. గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌కి ఆనించి తీసుకెళ్ళడం అంతే చెడ్డదని తెలియదు. పీసీవీలో అల్యూమినియం ఫాస్ఫేట్ ఉంటుంది. ఒకసారి గడ్డకడితే అది ముద్దలు కట్టి, కరిగాక మళ్ళీ మామూలుగా అవదు. టీకా పెట్టెకీ ఐసుకీ మధ్య మడత పెట్టిన తువాలు ఉండాలి. అన్నిటికన్నా మంచిది, టీకా ఉన్న చోటే వేయించుకోవడం.

ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవాళ్ళకి 23 గేజ్ లేదా అంతకన్నా సన్నని సూది వాడి, తీశాక రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, రుద్దకూడదు. టీకా వేసిన రాత్రి కొద్దిగా ఒళ్ళు వెచ్చబడటం మామూలే. కానీ ప్లీహం లేని మనిషికి 100.4 దాటితే ‘టీకా జ్వరమేలే’ అని ఇంట్లో తీర్పు చెప్పకూడదు.

పిల్లలకి లెక్క వేరు. ప్రభుత్వ టీకాల్లో పీసీవీ 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి పడుతుంది. దేశమంతటా అందుబాటులోకి వచ్చింది 2021లో, అంతకుముందు పుట్టిన పిల్లల కార్డుల్లో చాలావరకు ఉండదు. రెండేళ్ళు నిండాక పీపీఎస్‌వీ 23 చేరుతుంది. ఏడేళ్ళ లోపు మెనింగోకోకల్ డోసులు ముగించిన పిల్లలకి మొదటి బూస్టరు అయిదేళ్ళకి కాక మూడేళ్ళకే. మెనాక్ట్రా అయితే ప్లీహం లేని పిల్లలకి రెండేళ్ళ లోపు వేయరు, కారణం పైన చెప్పిన పేచీనే. తలసీమియా, స్ఫిరోసైటోసిస్ పిల్లల్లో వీలైనంత వరకు అయిదారేళ్ళు దాటేదాకా ఆపరేషన్ వాయిదా వేయడం వెనక ఉన్నదీ ఈ భయమే. సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఉంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు జరుగుతున్నాయి. సికిల్ సెల్ ఉందని కార్డు చేతికొచ్చిన ఇంట్లో తర్వాత అడగాల్సిన ప్రశ్న ఈ టీకాల గురించే.

టీకా ఆపలేనివి

అన్ని సూదులూ వేళకి పడ్డా జ్వరం విషయంలో సడలింపు లేదు. టీకాలో లేని న్యుమోకోకస్ రకాలు ఎన్నో ఉన్నాయి. పిల్లలకి రోజూ పెన్సిలిన్ మాత్ర ఇస్తారు: మూడేళ్ళ లోపు 125 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఆపైన 250 రెండు పూటలా, కనీసం అయిదేళ్ళ వయసు దాకా. పెద్దవాళ్ళకి ఆపరేషన్ తర్వాత మొదటి ఒకటి నుంచి మూడేళ్ళు. ఒకసారి ఓప్సీ నుంచి బయటపడిన వాళ్ళకి జీవితాంతం.

రోజూ మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా, ఇంట్లో ఒక అత్యవసర డోసు ఉండాలి. పెద్దవాళ్ళకి సాధారణంగా అమాక్సిసిలిన్-క్లావులనేట్ 875, 125 కలిసిన మాత్ర రాసిస్తారు. షాపుల్లో దాన్ని ‘వెయ్యి’ అంటారు. పెన్సిలిన్ పడనివాళ్ళకి లీవోఫ్లాక్సాసిన్ 750. చలి, వణుకు, 100.4 దాటిన జ్వరం వస్తే మాత్ర వేసుకుని వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. మాత్ర వేసుకున్నాం కదా తెల్లారి చూద్దాం అంటే ఉన్న లాభమూ పోతుంది. చెన్నైలో వానాకాలం జ్వరమంటే ముందు డెంగీ పరీక్షకి పంపుతారు. మిగతావాళ్ళకి అది సరే. ప్లీహం లేనివాళ్ళకి బ్లడ్ కల్చర్ తీసి, రిపోర్టు కోసం ఆగకుండా సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టాలి, పెద్దవాళ్ళకి 2 గ్రాములు నరానికి. ఆ డోసుకీ జ్వరం మొదలవడానికీ మధ్య గంటలు పెరిగే కొద్దీ చేతికి దక్కేది తగ్గుతుంది. మరో సంగతి, క్లావులనేట్‌కి తేమ పడదు. సముద్రపు ఊళ్ళో ఆ మాత్రని రేకులోంచి ముందే తీసి డబ్బాలో వేసుకుంటే పాడవుతుంది. ఆరు నెలలకోసారి గడువు చూసి మార్చాలి.

కుక్కకాటుకి రేబీస్ సూదులు అందరికీ తెలుసు. కుక్క నోట్లో ఉండే కాప్నోసైటోఫాగా అనే బాక్టీరియా మామూలు మనుషుల్ని పెద్దగా ఏమీ చేయదు, ప్లీహం లేనివాళ్ళని చంపగలదు. దానికి టీకా లేదు. కాటు చిన్నదైనా పావుగంట సబ్బునీళ్ళతో కడిగి, రేబీస్ టీకాతో పాటు అమాక్సిసిలిన్-క్లావులనేట్ మూడు నుంచి అయిదు రోజులు అడగాలి. మలేరియా కూడా వీళ్ళలో ముదురుతుంది. అరకు, పాడేరు వైపు వెళ్ళేముందు డాక్టరుతో నివారణ మాత్రల గురించి మాట్లాడాలి, దోమతెర మరవకూడదు.

ఇక కార్డు. ఆసుపత్రి ఫైలు ఆసుపత్రిలోనే ఉంటుంది, మనిషి ఊళ్ళు మారుతుంటాడు. పర్సులో పట్టే అట్ట మీద ‘ప్లీహం లేదు, జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్’ అని తెలుగులో, ఇంగ్లిషులో, చెన్నైలో ఉండేవాళ్ళు తమిళంలో కూడా రాయించుకోవాలి. తమిళంలో ప్లీహం మణ్ణీరల్, కాలేయం కల్లీరల్. మొదటి రెండక్షరాల తేడాతో అవయవం మారిపోతుంది, అర్ధరాత్రి క్యాజువాలిటీలో ‘ఈరల్ లేదు’ అంటే ఎవరికీ అర్థం కాదు. కార్డు వెనక వేసిన ప్రతి సూదికీ బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఉండాలి. ‘న్యుమోనియా టీకా వేశారు’ అన్న మాటని బట్టి అది 13ఓ, 20ఓ, 23ఓ వచ్చే డాక్టరు కనిపెట్టలేడు. సీసా పారేసే లోపు దాని ఫోటో తీసి పెట్టుకుంటే సరిపోతుంది.